రెండంగుళాల ఎర్ర తీగ

నా ముప్ఫై రెండేళ్ల సర్వీసులో అంత శ్రద్ధగా పనిచేసే ఆపరేటర్ని ఇంకొకర్ని చూడలేదు. అతని మీదే మా కంపెనీ "ఆపరేటరు నిర్లక్ష్యం" అని రాసింది. ఆ కాగితం కింద సంతకం నాది. ఈ మూడు వాక్యాలూ చదివాక మీకు ఒళ్లు మండకపోతే మిగతాది చదవనక్కర్లేదు, వెళ్లి మీ పని చూసుకోండి.

మండినవాళ్ల కోసం మొదటినుంచీ చెబుతాను. ముఖ్యంగా, సినిమా హాళ్లలో లేజర్ ప్రొజెక్టర్లు బిగించే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం.

నేను ప్రొజెక్టర్లు అమ్మే కంపెనీలో మిషన్లు బిగించేవాణ్ణి. చీపురుపల్లి నుంచి పాతపట్నం దాకా, అటు సముద్రం ఒడ్డు వరకూ ఉన్న హాళ్లలో చాలావాటికి మిషన్లు నా చేతి మీదుగానే ఎక్కాయి. కార్బన్ పుల్లలు మండించి సినిమా ఆడించిన రోజుల్లో పనిలో చేరాను. తర్వాత జెనాన్ లాంపులు వచ్చాయి, ఆఖర్న లేజర్ వచ్చింది. ఇది జరిగిన ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే ఆ హాలు ఇట్టే తెలిసిపోతుంది. దాని ప్రొప్రయిటరు నామీద కేసు పెట్టడానికి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాడు.

ఆపరేటరు భావనపాడు మనిషి. సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి, దూరంగా పడవ చుక్కలా కనిపిస్తే చాలు, అది ఎవరిదో చెప్పేసేవాడట. కళ్లు అంత మంచివి గానీ కడుపే మంచిది కాదు. పడవెక్కితే వాంతులు. వేటకి పనికిరాడని వాళ్ల నాన్న తీసుకొచ్చి హాల్లో పనికి పెట్టాడు. అక్కడే నలభై ఏళ్లు. మా ఇద్దరికీ చుట్టరికం లేదు, మాది వ్యవసాయం, వాళ్లది చేపల వేట. అయినా ఒకరినొకరం బావా అంటే బావా అనుకునేవాళ్లం. మొరాయించే మిషన్లతో కలిసి తగువులాడితే కలిసే వరస అది.

అతను పనిచేస్తుంటే చూడాలి. ఆటకి అరగంట ముందే క్యాబిన్లో ఉంటాడు. చెప్పులు గుమ్మం బయటే. ప్రొజెక్టరుకి ఎదురుగా గోడలో చిన్న గాజు కిటికీ ఉంటుంది, బొమ్మ అందులోంచే హాల్లోకి వెళ్తుంది. ఆ అద్దం మీద దుమ్ముంటే తెర మీద మసక. ఆ దుమ్ము మామూలు వెలుతురులో కనిపించదు. లైటు వెలిగించి, లెన్సుకీ అద్దానికీ మధ్య తల వంచి, వాలుగా చూస్తేనే కనిపిస్తుంది. పాతకాలం ఆపరేటర్లు మంచివాళ్లంతా అలాగే చూసేవారు. సోమరిపోతులు చూసేవారు కాదు. ఇతను ఆట ఆటకీ చూసేవాడు. అందుకోసం పాత పంచె చింపి, ఉతికి, మడతలు పెట్టి ఒక బిస్కెట్ల డబ్బాలో ఉంచుకునేవాడు.

"టికెట్టు కొన్నోడు బొమ్మ సూడాల బావా, మన దుమ్ము సూడకూడదు" అనేవాడు.

ఈ అలవాటు గుర్తుంచుకోండి. మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది.

లేజర్ వెలుగు తెర మీద పడ్డాక మామూలు వెలుగే. చూసేవాళ్లకి ఏమీ కాదు. లెన్సు మూతి దగ్గర మాత్రం దాని సంగతి వేరు. అక్కడ కొంత మేర దాకా ఎవరి కన్నూ రాకూడదు. అందుకే బాల్కనీ ఆఖరి వరసలో మనిషి లేచి చెయ్యెత్తినా తగలనంత ఎత్తులో కిరణం పోవాలి. క్యాబిన్ లోపల లెన్సుకీ గోడ అద్దానికీ మధ్య ఒక రేకు గొట్టం బిగించాలి. ఆ గొట్టానికి చిన్న తలుపు, తలుపుకి ఒక స్విచ్చి. అద్దం తుడవడానికి తలుపు తీశావా, లైటు ఆరిపోతుంది. మళ్లీ మూస్తేగాని వెలగదు. మనిషి మర్చిపోయినా స్విచ్చి మర్చిపోదు. ఇంత తెలివైన జాగ్రత్త నా సర్వీసు మొత్తంలో ఇంకోటి చూడలేదు. దాని నోరు నొక్కేసింది నేను.

ఆ హాలు క్యాబిన్ పాతది, రీళ్ల మిషన్ల కోసం కట్టింది. లెన్సుకీ గోడకీ దూరం ఎక్కువ. కంపెనీ పంపిన గొట్టం జానెడు తక్కువైంది. సోమవారం నాడే చూసి, పొడుగు ముక్క పంపమని ఆఫీసుకి ఫోన్ చేశాను. శుక్రవారం పెద్ద హీరో సినిమా విడుదల. హాలు ముందు అప్పటికే కటౌటు లేచింది, పాలాభిషేకానికి క్యాన్లు మాట్లాడేసుకున్నారు. గురువారం మధ్యాహ్నమైంది, ముక్క రాలేదు. గొట్టం లేకపోతే స్విచ్చి పెట్టే చోటు లేదు, స్విచ్చి లేకపోతే మిషన్ వెలగదు.

ప్రొప్రయిటరు క్యాబిన్లోకి వచ్చి నామీద పడ్డాడు. "ఏటండీ ఇంజినీరు గారూ, నా హాలు తగలెట్టించీమంతారేటి? రేపు ఆట పడకపోతే ఆ హీరో ఫేన్సు గుంటలు కుర్సీలు పీకీసి నా నెత్తినేస్తారు!"

మా ఏరియా మేనేజరుకి ఫోన్ చేశాను. "ఏదో ఒకటి చేసి వెలిగించండి సార్. ముక్క రెండు రోజుల్లో వచ్చేస్తుంది కదా" అన్నాడు.

ఏదో ఒకటి చెయ్యండి. మన పనిలో జరిగిన ప్రమాదాలు తవ్వి చూడండి, అడుగున ఈ మాట ఉంటుంది. ఆ మాట అన్నవాడు ఏం చెయ్యమన్నాడో చెప్పడు. ఎక్కడా రాసివ్వడు. మంచి జరిగితే వాడి తెలివి, చెడు జరిగితే మన పొరపాటు. నాకు అప్పటికే ఇది తెలుసు. ముప్ఫై ఏళ్ల సర్వీసు, తెలియకపోవడానికి నేనేం చంటిపిల్లాణ్ణి కాదు. అయినా సంచిలోంచి రెండంగుళాల ఎర్ర తీగ తీసి, చివర్లు ఒలిచి, స్విచ్చికి వెళ్లాల్సిన రెండు స్క్రూలనీ కలిపేశాను. తలుపు మూసే ఉందనుకుంది మిషన్. వెలిగింది. ప్రొప్రయిటరు చప్పట్లు కొట్టాడు. నాకు కూడా కొంచెం గొప్పగానే అనిపించింది, అబద్ధమెందుకు.

"గొట్టం వచ్చేదాకా లెన్సు ముందు తల పెట్టకు బావా" అని ఆపరేటరుతో అన్నాననే నాకు గుర్తు. కానీ ఆ గుర్తుని నేను నమ్మను. తప్పు చేసినవాడి జ్ఞాపకం ఎప్పుడూ వాడి తరఫునే సాక్ష్యం చెబుతుంది. ఒకవేళ అన్నా, టీ తాగుతూ, సామాను సర్దుకుంటూ అని ఉంటాను. జాగ్రత్తలు రాసిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. తెలుగు వారపత్రిక అట్ట నుంచి అట్ట దాకా చదివే మనిషికి ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టి, అందినట్టు సంతకం తీసుకున్నాం. దానికి మా కంపెనీలో పేరు శిక్షణ.

శుక్రవారం పొద్దున్న పూజ. మిషన్ మీద హెచ్చరిక స్టిక్కరు ఒకటి ఉంటుంది, పసుపు రంగు ముక్కోణం. పంతులుగారు సరిగ్గా దాని మీదే గంధం రాసి కుంకుమ అద్దారు. పసుపు పచ్చగా ఉంది కదా, బొట్టు పెట్టడానికే వదిలిన జాగా అనుకున్నారు కాబోలు. పక్కనే నిలబడి నవ్వుకున్నాను. తర్వాత కర్పూర హారతి. ఆ మసి గోడ అద్దానికి పట్టింది, కుంకుమ ఫ్యాను గాలికి ఎగిరి దాని మీదే పడింది. మొదటి ఆట మొదలయ్యేదాకా ఉండి, చీపురుపల్లిలో వేరే పనుంటే బస్సెక్కేశాను.

మసి, కుంకుమ పట్టిన అద్దాన్ని ఆ మనిషి అలా వదిలేస్తాడా?

శనివారం మాట్నీ నడుస్తుండగా ఫోన్ చేశాడు.

"బావా, తెర మద్దెన నల్ల సుక్క వస్తన్నాది."

"ఎంతుంటాది?"

"దూరం కదా, సరిగ్గా తెల్దు. హీరో మొగం కాడికొచ్చీసరికి మొగం మీదే ఉంటన్నాది. మిషన్లోన ఏటో పోయినట్టున్నాది."

"హారతి మసి ఉండిపోయుంటాది. తుడిసినావా?"

"పొద్దున్నే తుడిసినాను."

"ఇంకోపాలి తుడిసి సూడు బావా. లైటేసుకునే సూడు, అప్పుడే కనిపిస్తాది."

ఇది నా నోటితో నేనన్న మాట. తీగ కట్టినవాణ్ణి నేను, గొట్టం లేదని తెలిసినవాణ్ణి నేను, లైటేసుకుని చూడమన్నవాణ్ణీ నేనే. నా బుర్రంతా మిషన్ మీదే ఉంది. తెర మీద మచ్చ అనగానే నాకు లెన్సు, అద్దం, లోపలి బోర్డులు గుర్తొచ్చాయి. చూసేవాడి కన్ను గుర్తుకి రాలేదు.

మాట్నీ అయ్యాక మళ్లీ చేశాడు. "తుడిసి సూసినాను. సుక్క పోనేదు. పెద్దదైనాది బావా."

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. ఖాళీ హాల్లో తెల్లటి బొమ్మ వేసి చూశాను. తెర ముత్యంలా ఉంది, ఎక్కడా మచ్చ లేదు. అతను నా పక్కనే నిలబడి చెయ్యి చాపి చూపిస్తున్నాడు.

"అదిగో, మద్దెన. కనిపించనేదేటి?"

కనిపించలేదన్నాను. అతను విసుగ్గా తల తిప్పి హాలు గోడకేసి చూశాడు.

"ఇదేటి బావా! గోడ మీదకి కూడా వచ్చీసినాది!"

దగ్గరున్న కుర్చీలో కూలబడ్డాను. ఎడమ కన్ను మూసి చూడమన్నాను, తర్వాత కుడి కన్ను మూసి చూడమన్నాను. కుడి కన్ను మూసినప్పుడు చుక్క లేదన్నాడు. అప్పటికి అతనికీ అర్థమైంది. చేతిలో ఉన్న పంచె గుడ్డని మడిచి డబ్బాలో పెట్టి మూత పెట్టాడు.

శ్రీకాకుళంలో కంటి డాక్టరుకి చూపించాం. కన్ను లోపల నడిమధ్యన కాలిందనీ, అది తిరిగి రాదనీ చెప్పారు. "నొప్పి నేదు కదండీ, మరెలగ కాలిపోనాది?" అని అడిగాడు అతను. ఆ చోట నొప్పి తెలియదు. వేలు కాలితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం, కంటికి ఆ అదృష్టం లేదు. మొదటి చూపుకే పోయిందా, నేను చూడమన్న రెండో చూపుకి పోయిందా అని డాక్టరుని పక్కకి పిలిచి అడిగాను. చెప్పలేమన్నారు. ఇప్పటికీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

తీగ సంగతితో సహా ఆఫీసుకి చెప్పాను. సాయంత్రానికి మేనేజరు ఫోన్. డాక్టరు ఏమన్నాడని అడగలేదు. "ఆ తీగ ముందు తీసెయ్యండి. గొట్టం బిగించి ఫొటోలు తియ్యండి. ఎల్లుండి మనవాళ్లు వస్తున్నారు" అన్నాడు.

ఏ గొట్టం అన్నాను. అప్పుడు తెలిసింది. ఆ ముక్క గురువారం పొద్దుటికే శ్రీకాకుళంలో లారీ పార్శిల్ ఆఫీసుకి వచ్చి పడి ఉంది. హాలువాళ్లు తెచ్చుకుంటారని కంపెనీ, కంపెనీవాళ్లు తెచ్చిస్తారని ప్రొప్రయిటరు. నేను శుక్రవారం బస్సులో ఆ వీధి మీదుగానే వెళ్లాను. ఒక మనిషి కన్ను అట్టపెట్టెలో భద్రంగా ప్యాక్ చేసి, చిరునామా రాసి, పార్శిల్ ఆఫీసు మూల పడేసి ఉంది. దానికోసం ఒక్క ఆటో మాట్లాడే నాథుడు లేకపోయాడు.

తెచ్చి బిగించాను. అరగంట పని. తీగ ఊడదీసి జేబులో వేసుకున్నాను.

కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. కొత్త గొట్టం తలుపు తీసి మూసి చూశారు. లైటు చక్కగా ఆరింది, చక్కగా వెలిగింది. ఆపరేటర్ని పిలిచారు.

"లెన్సు ముందు తల పెట్టావా?"

"పెట్టినానండి."

"ఎందుకు?"

"దుమ్ము సూడ్డానికండి."

"అలా చూడమని ఎవరు చెప్పారు?"

అతను నావైపు చూడలేదు. "ఎవులూ సెప్పనేదండి. నాకలవాటు" అన్నాడు.

రెండు వాక్యాల్లో తేల్చేశారు. పరికరం సక్రమంగా ఉంది. ప్రమాదానికి కారణం ఆపరేటరు నిర్లక్ష్యం. బిగించినవాడిగా నేను సంతకం పెట్టాలి. రిటైర్మెంటుకి రెండేళ్లుంది. పెట్టాను. ఇంకేవో కారణాలు కూడా అప్పట్లో చెప్పుకున్నాను, అవి రాసి మీ సమయం పాడుచెయ్యను.

ఆ కాగితం పట్టుకుని ప్రొప్రయిటరు అతన్ని పనిలోంచి తీసేశాడు. ఆపరేటరు లైసెన్సు రద్దు చెయ్యమని కంపెనీవాళ్లు లైసెన్సు ఆఫీసుకి రాశారు. హాళ్లవాళ్లందరికీ కబురు పాకింది, మిషన్ జాగ్రత్త తెలియని మనిషట అని. ఒక కన్నుతో కూడా ఆ పని అతను నాకంటే బాగా చెయ్యగలడు. కానీ ఆ పేరు పడ్డాక ఎవడు పిలుస్తాడు?

రెండు వారాలకి గానీ భావనపాడు వెళ్లే ధైర్యం రాలేదు. ఇంటి ముందు ఇసక మీద నెత్తళ్ల చేపలు ఎండబోసి, పక్కన కూర్చుని చిన్నా పెద్దా వేరు చేస్తున్నాడు. వాళ్లావిడ నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏటికొచ్చినావు బాబూ? రెండో కంటి కోసమేటి?"

"ఒసే, ఊరుకో. లోపలికెళ్లి టీ ఎట్టు" అన్నాడు అతను. ఆమె లోపలికి వెళ్లింది. టీ రాలేదు. ఇచ్చినా నేను తాగగలిగేవాణ్ణి కాదు.

అతను ఎడమ కన్ను చేత్తో మూసుకుని నాకేసి చూశాడు. "ఇప్పుడు సూడు. నీ సెవులు కనిపిస్తన్నాయి. జుత్తు కనిపిస్తన్నాది. మొగం నేదు." చెయ్యి తీసేసి, "ఆ తీగేదీ?" అన్నాడు.

నేను ఎండుతున్న నెత్తళ్లకేసి చూపు తిప్పాను.

"ఎర్ర తీగ. నువ్వు కడతన్నప్పుడు టార్చిలైటు పట్టుకున్నది నానే కాదేటి. కంపినీవోళ్లొచ్చిన్నాడు సూస్తే తీగ నేదు, కొత్త గొట్టం ఉన్నాది."

"మరి వాళ్లడిగినప్పుడు సెప్పలేదేటి బావా?"

"సెప్తే నీ ఉద్యోగం పోతాది. నా కన్ను ఎలాగూ పోనాది. ఇద్దరం పోడం దేనికి?" నెత్తళ్ల మీద వాలిన కాకిని అదిలించాడు. తర్వాత గొంతు మారింది. "గుడ్డోడన్నా పడతాను బావా. పని మానిపించినా పడతాను. నిర్లచ్చెం అనీసినారు. అది పడనేను. నలబై ఏళ్లు. ఒక్క ఆట మసగ్గా ఆడించినానా? నువ్వు సెప్పు. ఒక్క ఆట!"

ఒక్క ఆట కూడా లేదు. ఇంటికొచ్చి రాశాను. కట్టిన తీగ, ఫోన్లో నేను అన్న మాటలు, పార్శిల్ ఆఫీసులో పడున్న పెట్టె, "ఏదో ఒకటి చెయ్యండి" అన్నదెవరో, తీగ తీసెయ్యమన్నదెవరో, అన్నీ. తీగ ముక్కని ఉత్తరానికి పిన్ను కొట్టి కంపెనీకి పంపాను, నకలు లైసెన్సు ఆఫీసుకి పంపాను.

మేనేజరు ఇంటికొచ్చాడు. "మీరు కూడా దొరికిపోతారు, తెలుసా?" అన్నాడు. ఆ "కూడా" విని నాకు నవ్వొచ్చింది. తను దొరుకుతానని మేనేజరుకే తెలుసన్నమాట. దొరకాలనే రాశానని చెప్పాను. చివరికి అతను దొరకలేదు. అలాంటివాళ్లు దొరకరు. నన్ను మాత్రం మిగిలిన సర్వీసంతా గోడౌన్లో కూర్చోబెట్టారు. ఇది త్యాగమని మెచ్చుకోకండి. ముందే పెట్టకుండా ఉండాల్సిన సంతకానికి అదేమంత పెద్ద శిక్ష కాదు.

కొన్ని నెలలకి కంపెనీ నుంచి సవరించిన రిపోర్టు వచ్చింది. లైసెన్సు రద్దు చెయ్యలేదు. నిర్లక్ష్యం అన్న మాట తీసేశారు. నకలు పట్టుకుని భావనపాడు పరిగెత్తాను. గెలిచినట్టే అనుకున్నాను, నిజంగా. ఇంగ్లీషులో ఉంది కాబట్టి తెలుగులో చెప్పాను. "సాంకేతిక కారణాల వల్ల జరిగిన ప్రమాదం."

"అంటే ఎవులు?" అన్నాడు.

"అంటే... ఎవరూ కాదు బావా. మిషన్లో ఏదో లోపమని."

"మిషన్లోన లోపం నేదు కదా. బంగారంలాగున్నాది మిషను. మరి ఆ తీగ దానంతటదే ఎల్లి కట్టుకున్నాదా?"

కాగితం మళ్లీ చదివాను. అందులో మనుషులు లేరు. తీగ కట్టినవాడు లేడు, కట్టించినవాడు లేడు, కన్ను పోయినవాడు కూడా లేడు. నిర్లక్ష్యమని రాసినప్పుడు మాత్రం మనిషి దొరికాడు. నిజం తేలాక మనిషి మాయమయ్యాడు, కారణాలు మిగిలాయి. అంతసేపూ ఆ కాగితం పట్టుకుని సంబరపడిన నామీద నాకే కోపమొచ్చింది.

"నువ్వు రాయి" అన్నాడు. "అడుగున జాగా ఉన్నాది కదా. తెలుగులో రాయి, నాను సదువుకోవాల."

జేబులోంచి పెన్ను తీశాను. కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఆ ఇంగ్లీషు అక్షరాల కింద రాశాను. "తీగ కట్టింది నేను. గొట్టం లేదని తెలిసి కూడా, లైటు వేసుకుని చూడమన్నది నేను. ఇతను తన పని తాను చేశాడు."

అతను కాగితం తీసుకుని, ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో మాటా మెల్లగా చదివాడు. వాళ్లావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె కోసం మళ్లీ పైకి చదివాడు. తర్వాత కాగితం నా మోకాలి మీద తిరిగి పెట్టాడు.

"సంతకం కూడా ఎట్టు బావా. అప్పుడు నామీద ఎట్టినావు కదా."

పెట్టాను.